పెద్దవాళ్ల హెపటైటిస్ బి టీకా: మందు మేలైనదే, వేసే ఏర్పాటే సరిగా లేదు

ముందు తీర్పు చెప్పి తర్వాత వివరాల్లోకి వెళ్దాం. మందుగా చూస్తే, పెద్దవాళ్లు సొంత డబ్బుతో వేయించుకోదగ్గ టీకాల్లో హెపటైటిస్ బి టీకా ముందు వరసలో ఉంటుంది. ధర తక్కువ. ఇబ్బందులు స్వల్పం. నలభై ఏళ్లలోపు ఆరోగ్యవంతులకు మూడు డోసులూ పడితే నూటికి తొంభై మందికి పైగా రక్షణ వస్తుంది. అదే టీకాను మన ఊళ్లలో అందే సేవగా చూస్తే మాత్రం పాస్ మార్కులు వేయడం కష్టం. వేయించుకోమని చెప్పేవాళ్లు తక్కువ. మనమే వెళ్లి అడిగినా చాలాచోట్ల పరీక్ష చేయకుండా సూది వేసేస్తారు. పిల్లల డోసు పెద్దవాళ్లకు పడుతుంది, భుజానికి వేయాల్సింది నడుం కింద వేస్తారు, మూడో డోసు సంగతి గుర్తుచేసేవాళ్లే ఉండరు.

ఇంత మంచి మందును ఇంత అజాగ్రత్తగా వాడుకోవడం బాధ కలిగిస్తుంది, అందులోనూ మన దగ్గర. దేశంలోనే మొదటి రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో చేసిన) హెపటైటిస్ బి టీకా పుట్టింది హైదరాబాద్‌లో. వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ 1997లో షాన్‌వాక్-బి తెచ్చేదాకా ఈ టీకా విదేశాల నుంచి రావలసిందే, ఉన్నవాళ్లే వేయించుకోవలసిందే. ఆ తర్వాత ధర సామాన్యుడికి అందేలా దిగింది. ఊళ్లోనే తయారవుతున్న టీకా ఆ ఊరివాళ్ల భుజానికి చేరకపోవడానికి ఇప్పుడు డబ్బు పెద్ద కారణం కాదు.

ఎవరికి పడలేదు అన్నది ముందు తేల్చుకోవాలి. "చిన్నప్పుడు వేసే ఉంటారు" అన్నది ఎక్కువగా వినపడే మాట. సార్వత్రిక టీకాల కార్యక్రమంలోకి ఈ టీకా 2002-03లో కొన్ని నగరాల్లో, జిల్లాల్లో ప్రయోగంగా వచ్చింది. 2007-08లో విస్తరించిన పది రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. దేశమంతటా అమలైంది 2011లో. అంటే అంతకుముందు పుట్టినవాళ్లకు తల్లిదండ్రులు ప్రైవేటులో వేయించి, కార్డు దాచి ఉంటే తప్ప, పడలేదనే లెక్కేసుకోవాలి. ఇంకొందరు "దెబ్బ తగిలినప్పుడు సూది వేయించుకున్నా కదా" అంటారు. అది ధనుర్వాతానికి వేసే టీటీ. దానికీ దీనికీ సంబంధం లేదు.

అవగాహనలో అంతకంటే పెద్ద చిక్కు కామెర్ల దగ్గర ఉంది. మన జనానికి కామెర్లంటే కలుషిత నీళ్లతో వచ్చేవి, పసరు తాగితే పోయేవి. నీళ్లతో, తిండితో వచ్చేవి హెపటైటిస్ ఎ, ఇ. బి అలా రాదు. రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు, ఒకరికి వాడిన సిరంజి, బ్లేడు, పచ్చబొట్టు సూది ఇంకొకరికి వాడటం ద్వారా వస్తుంది. ఒంటి బయట కూడా ఈ వైరస్ కనీసం ఏడు రోజులు బతుకుతుంది కాబట్టి ఎండిపోయిన రక్తపు మరకను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. పెద్దయ్యాక సోకితే నూటికి తొంభై అయిదు మందికి పైగా ఆరు నెలల్లో దానంతట అదే తగ్గిపోతుంది. నేల ఉసిరి పసరుకు పేరు వస్తున్నది ఇక్కడే: తగ్గేది ఎలాగూ తగ్గుతుంది, ఘనత పసరు ఖాతాలో పడుతుంది. తగ్గనివాళ్లలో, ముఖ్యంగా పుట్టుకతో సోకినవాళ్లలో, కళ్లు పచ్చబడకుండానే ఇరవై ముప్పై ఏళ్లు గడుస్తాయి. తెలిసేసరికి కాలేయం గట్టిపడి ఉంటుంది, లేదా క్యాన్సర్ మొదలై ఉంటుంది. 2022లో మన దేశంలో సుమారు 2.98 కోట్ల మంది హెపటైటిస్ బితో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు.

ఏ కంపెనీది కొనాలి?

ఈ ప్రశ్నకు ఎక్కువ సమయం అక్కర్లేదు. భారత్ బయోటెక్ రివాక్-బి, బయొలాజికల్ ఇ వారి బీవాక్, సీరం ఇన్‌స్టిట్యూట్ జీన్‌వాక్-బి, జీఎస్‌కే ఎంజెరిక్స్-బి, అన్నీ ఒకే తరహా సరుకు. ఈస్ట్ కణాల్లో తయారుచేసిన వైరస్ పైపొర ప్రొటీన్ మాత్రమే ఇందులో ఉంటుంది, వైరస్ ఉండదు. కాబట్టి టీకా వల్ల జబ్బు రావడమనేది జరగదు. మొదటి డోసు ఒక కంపెనీది, రెండోది ఇంకో కంపెనీది అయినా ఫర్వాలేదు. దేశీయ బ్రాండ్లలో మూడు డోసులకూ కలిపి మందు ఖర్చు వందల్లోనే తేలుతుంది. పేరు కోసం ఎక్కువ పెట్టడం కన్నా దాన్ని నిలవచేసిన ఫ్రిజ్ ఎలా ఉందో చూడటం మేలు.

చూడాల్సింది ఎక్స్‌పైరీ తేదీ ఒక్కటే కాదు, మోతాదు. పెద్దవాళ్ల డోసు 20 మైక్రోగ్రాములు, 1 మి.లీ. పిల్లల డోసు 10 మైక్రోగ్రాములు, అర మి.లీ. రెండు సీసాలూ ఒకే పేరుతో ఉంటాయి. షాపులో పెద్దవాళ్లది అయిపోతే కుర్రాడు పిల్లలది తీసిస్తాడు, వేసేవాళ్లూ పరకాయించి చూడరు. అలా పడిన సగం డోసును లెక్కలోకి తీసుకోకూడదు, పూర్తి డోసు మళ్లీ వేయించుకోవాలి. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు ఇది తిరగబడుతుంది: వాళ్లకు ప్రతిసారీ 40 మైక్రోగ్రాములు, అంటే పెద్దవాళ్ల డోసులు రెండు, 0, 1, 2, 6 నెలల్లో నాలుగుసార్లు పడాలి. కిడ్నీ జబ్బు బాగా ముదరకముందే, డయాలసిస్ మొదలవకముందే వేయిస్తే టీకా ఇంకా బాగా పట్టుకుంటుంది. డాక్టరు ఆ మాట ఎత్తకపోతే ఇంట్లోవాళ్లే అడగాలి.

ఎండ కంటే ఐసు ప్రమాదం

టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండకు పాడవుతుందని అందరికీ భయం. నిజానికి ఈ టీకా వేడిని కొంతవరకు తట్టుకుంటుంది, తట్టుకోలేనిది గడ్డకట్టడాన్ని. ఇందులో ప్రొటీన్‌ను అల్యూమినియం లవణానికి అంటించి ఉంచుతారు. సున్నా డిగ్రీలకు కాస్త కిందికి దిగి గడ్డకడితే ఆ పట్టు విడిపోతుంది, అల్యూమినియం రేణువులు ముద్దలు కడతాయి. కరిగాక చూడటానికి మళ్లీ ద్రవంలాగే ఉంటుంది, పనితనం మాత్రం పోతుంది.

సీసాను చేతిలోకి తీసుకుని బాగా ఊపండి. మంచి టీకా అంతా ఒకే తీరుగా, పలచని తెల్లటి మడ్డిలా కనపడాలి. ఊపిన తర్వాత కూడా పలుకులు తేలుతుంటే అనుమానించాలి. బల్ల మీద నిలబెట్టినప్పుడు చూస్తుండగానే అడుగున దిగి పైన తేట నీళ్లు మిగిలినా అంతే. గట్టి పరీక్ష కావాలంటే ఆరోగ్య సిబ్బంది చేసే పద్ధతి ఒకటుంది. అదే బ్యాచ్ సీసా ఒకదాన్ని కావాలని గడ్డకట్టించి, కరిగించి, అనుమానం ఉన్న సీసానూ దాన్నీ కలిపి ఊపి పక్కపక్కన పెడతారు. అరగంటలో రెండూ ఒకే వేగంతో పేరుకుంటే అనుమానం నిజమైనట్టే, ఆ సీసా పారేయాలి. ఊపడానికి ముందే మడ్డి అడుగున ఉండటం తప్పేమీ కాదు. ఆ మడ్డిని కలపకుండా సిరంజిలోకి లాగడం తప్పు. పది డోసుల పెద్ద సీసా వాడే క్యాంపుల్లో ప్రతి డోసుకూ ముందు ఊపకపోతే ఒకరికి నీళ్లు, ఇంకొకరికి మడ్డి పడతాయి.

షాపుల్లో జరిగే పొరపాటు రెండు రకాలు. ఒకటి, ఇంట్లో వాడే తరహా ఫ్రిజ్‌లో ఫ్రీజర్ గడికి ఆనించి పెట్టడం. రెండోది మనకు అప్పగించేటప్పుడు: పాలిథిన్ కవరులో ఐసు ముక్కలు పోసి, వాటి మధ్య సీసాను పడేసి, "తొందరగా తీసుకెళ్లండి" అంటారు. మే నెల ఎండలో అది జాగ్రత్తలాగే కనపడుతుంది. టీకా అక్కడే గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్‌ప్యాక్‌ను కాసేపు బయట ఉంచి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాక, సీసాకు కాగితమో గుడ్డో చుట్టి పెట్టుకోవాలి. అంతకన్నా తేలిక మార్గం, టీకా నిలవ ఉంచి అక్కడికక్కడే వేసే క్లినిక్‌కో ఆసుపత్రికో వెళ్లడం. ఫ్రిజ్‌లో థర్మామీటర్ ఉందా, ఉష్ణోగ్రత రాసే పుస్తకం ఉందా అని అడగండి. అడిగితే చిరాకు పడే చోట వేయించుకోకపోవడమే మంచిది.

సూదికి ముందు రక్తపరీక్ష

ఇక్కడి సేవలో అతి పెద్ద లోటు ఇదే. టీకా కొత్తగా సోకకుండా ఆపుతుంది, ఇప్పటికే ఒంట్లో ఉన్న వైరస్‌ను ఏమీ చేయదు. పరీక్ష లేకుండా మూడు డోసులూ వేసుకున్న మనిషి, తనకు ముందే హెపటైటిస్ బి ఉందని తెలియక, "నాకేం భయం లేదు" అనే ధైర్యంతో ఏళ్లు గడిపేస్తాడు. హెచ్‌బీఎస్‌ఏజీ అనే చిన్న రక్తపరీక్ష పెద్ద ల్యాబుల్లోనే కాదు, మండల కేంద్రాల్లోని ల్యాబుల్లోనూ చేస్తారు. డబ్బుకు వెనకాడకపోతే దానితో పాటు యాంటీ హెచ్‌బీసీ టోటల్, యాంటీ హెచ్‌బీఎస్ కూడా చేయించుకోవచ్చు. జబ్బు ఇప్పుడు ఉందా, వచ్చిపోయిందా, ఇప్పటికే రక్షణ ఉందా అన్నది మూడూ కలిపి చూస్తే తెలుస్తుంది. అన్నీ నెగెటివ్ అయితే టీకా మొదలుపెట్టాలి. పరీక్షకు రక్తం ఇచ్చిన రోజే మొదటి డోసు వేసుకున్నా తప్పులేదు. రక్తం ఇచ్చాక సూది, అంతేగానీ సూది తర్వాత రక్తం కాదు.

ఈ వరస ఎందుకు ముఖ్యమో గల్ఫ్‌కు వెళ్లే కుటుంబాలు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. టీకాలో ఉన్నది ఆ పరీక్ష వెతికే హెచ్‌బీఎస్‌ఏజీనే, అంటే వైరస్ పైపొర ప్రొటీనే. అందువల్ల డోసు పడిన తర్వాత కొద్ది రోజులు, కొందరిలో 18 రోజుల వరకు, జబ్బు లేకపోయినా పరీక్ష పాజిటివ్ చూపించవచ్చు. గల్ఫ్ దేశాల మెడికల్‌లో హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష తప్పనిసరిగా ఉంటుంది, పాజిటివ్ వస్తే అన్‌ఫిట్. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి వీసా మీద వెళ్లేవాళ్లు "మెడికల్‌కు ముందు ఒక టీకా వేయించుకుంటే సేఫ్" అన్న సలహా విని నష్టపోవద్దు. మెడికల్ అయ్యాక మొదలుపెట్టండి, లేదా డోసుకూ మెడికల్‌కూ మధ్య నెల గడువు ఉండేలా చూసుకోండి.

పరీక్ష పాజిటివ్ వస్తే భయపడి దాచుకోవద్దు. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్స కేంద్రాల్లో పరీక్షలు, అవసరమైనవాళ్లకు టెనోఫోవిర్ వంటి మందులు ఉచితంగా ఇస్తారు. పాజిటివ్ వచ్చిన ప్రతి ఒక్కరికీ మందు అక్కర్లేదు. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉంది), ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతింటోందా చూపే రక్తపరీక్ష), కాలేయం పరిస్థితి చూసి డాక్టరు నిర్ణయిస్తారు. అదే వారంలో భార్య లేదా భర్త, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అమ్మ పరీక్ష చేయించుకుని, నెగెటివ్ ఉన్నవాళ్లు టీకా మొదలుపెట్టాలి. కలిసి భోంచేస్తే, ఒకే గ్లాసులో నీళ్లు తాగితే ఇది రాదు. పాజిటివ్ ఉన్న మనిషికి వేరే కంచం పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. వేరుగా ఉంచాల్సింది కంచం కాదు, రేజరు, టూత్ బ్రష్, గోళ్లు తీసేది.

భుజానికే వేయించుకోండి

భుజం ఎముక అంచు నుంచి రెండు మూడు వేళ్లు కిందికి, చేతి బయటి వైపు మందంగా ఉండే కండలో నిటారుగా సూది దిగాలి. సాధారణ ఒళ్లున్న మనిషికి అంగుళం సూది సరిపోతుంది, భారీ శరీరానికి అంగుళంన్నర కావాలి. చొక్కా చేయి పైకి మడిస్తే సరిగా అందకపోతే చొక్కా విప్పాల్సిందే. ఆడవాళ్లకు ఇబ్బంది లేకుండా తెర కట్టడం క్లినిక్ బాధ్యత. "భుజానికైతే నొప్పి, రేపు పని చేయలేరు" అంటూ పిరుదుకు వేసే అలవాటు మన కాంపౌండర్లలో పాతుకుపోయింది. అక్కడ కొవ్వు మందం. మందు కండను చేరదు, రక్షణ తగ్గుతుంది. పిరుదుకు పడిన డోసును లెక్కేయకూడదు. భుజం ఒకటి రెండు రోజులు సలపడం, కొందరికి కొద్దిపాటి జ్వరం మామూలే. ముందు డోసుకు తీవ్రమైన ఎలర్జీ వచ్చినవాళ్లు, ఈస్ట్‌తో తీవ్రమైన ఎలర్జీ ఉన్నవాళ్లు వేయించుకోకూడదు. గర్భిణులు వేయించుకోవచ్చు. వేశాక పావుగంట అక్కడే కూర్చోవాలి. చాలా క్లినిక్‌లు కుర్చీ ఖాళీ కావాలని తొందరపెడతాయి, మీరు తొందరపడకండి.

మూడో డోసు దగ్గరే అందరూ జారిపోతారు

మామూలు వరస 0, 1, 6 నెలలు. నలభై ఏళ్లలోపు ఆరోగ్యవంతుల్లో మొదటి డోసుతో రక్షణ వచ్చేది నూటికి 30 నుంచి 55 మందికే. రెండోదానితో 75 దాకా పోతుంది, మూడోదానితో 90 దాటుతుంది. వయసు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది, అరవై వచ్చేసరికి మూడు డోసుల తర్వాత కూడా 75 దగ్గర ఉంటుంది. అందుకే "రిటైరయ్యాక చూద్దాం" అనుకునే పని కాదు.

ఏటా జూలై 28న ప్రపంచ హెపటైటిస్ దినం పేరుతో క్యాంపులు పెడతారు. ఆ రోజు మొదటి డోసు పడితే రెండోది ఆగస్టు 28న, మూడోది సంక్రాంతి వెళ్లిన రెండు వారాలకు, జనవరి 28న పడాలి. క్యాంపు పెట్టినవాళ్లలో జనవరిలో మళ్లీ టేబుల్ వేసేవాళ్లు ఎంతమంది? ఫొటోలు, బ్యానర్లు మొదటి రోజుతోనే సరి. క్యాంపుకు డబ్బిచ్చే క్లబ్బులు, కంపెనీలు మొదటి డోసుల లెక్క కాకుండా మూడో డోసుల లెక్క అడగడం మొదలుపెడితే పరిస్థితి మారుతుంది.

ఆలస్యమైందని మానేసినవాళ్లకు మంచి మాట ఒకటుంది: మళ్లీ మొదటికి వెళ్లనక్కర్లేదు. రెండేళ్ల కిందట రెండు డోసులు పడి ఆగిపోయారా, ఇవాళ మూడోది వేయించుకోండి, కోర్సు పూర్తయినట్టే. తొందరపడటానికి మాత్రం హద్దు ఉంది. మొదటిదానికీ రెండోదానికీ కనీసం నాలుగు వారాలు, రెండోదానికీ మూడోదానికీ ఎనిమిది వారాలు, మొదటిదానికీ మూడోదానికీ పదహారు వారాలు ఎడం ఉండాలి. కోవిడ్ టీకాకు వచ్చినట్టు ఫోనుకు మెసేజ్ వస్తుందని ఎదురుచూడకండి. కార్డు అడిగి తీసుకోండి. అందులో బ్రాండు, బ్యాచ్ నంబరు, మోతాదు, తేదీ, వేసినవాళ్ల సంతకం ఉండాలి. దాన్ని ఫొటో తీసి ఉంచుకోండి. అమెరికాకో బ్రిటన్‌కో వెళ్లే మన నర్సులు, వైద్య విద్యార్థులు చివరి నిమిషంలో పరుగులు పెట్టేది ఈ కాగితం కోసమే.

టైటర్, అంటే టీకా రక్షణ ఎంత వచ్చిందో యాంటీ హెచ్‌బీఎస్ పరీక్షతో కొలవడం, ఆ విషయంలో రెండు వైపులా పొరపాట్లు జరుగుతున్నాయి. చేయించుకోవాల్సినవాళ్లు చేయించుకోరు, అక్కర్లేనివాళ్ల చేత చేయిస్తారు. డాక్టర్లు, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, డయాలసిస్ రోగులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు, పాజిటివ్ ఉన్నవాళ్ల జీవిత భాగస్వాములు మూడో డోసు తర్వాత నెల నుంచి రెండు నెలల లోపు యాంటీ హెచ్‌బీఎస్ చూపించుకోవాలి. రిపోర్టులో 10 (ఎంఐయూ/ఎంఎల్) లేదా అంతకు పైన ఉంటే రక్షణ ఉన్నట్టే. 10 లోపు వస్తే ఇంకో పూర్తి కోర్సు వేసి మళ్లీ చూడాలి. మిగతా ఆరోగ్యవంతులకు ఈ పరీక్ష అవసరం లేదు. ఏళ్లు గడిచాక టైటర్ పడిపోవడం సహజం, శరీరానికి జ్ఞాపకం ఉంటుంది. అయిదేళ్లకోసారి బూస్టర్ అంటూ ఆరోగ్యవంతులకు అంటగట్టడం అనవసరం. డయాలసిస్ రోగులకు మాత్రం ఏటా టైటర్ చూసి, 10 లోపుకు పడితే బూస్టర్ వేయాలి.

ఆసుపత్రుల్లో చెత్త ఎత్తేవాళ్లు, వార్డులు తుడిచేవాళ్లు, మార్చురీలో పనిచేసేవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం, ఆ వ్యర్థాలను ముట్టుకునే ప్రతి ఉద్యోగికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించడం ఆసుపత్రి యాజమాన్యం బాధ్యత. కాంట్రాక్టరు మనుషులని తప్పించుకోవడానికి వీల్లేదు. వాడిన సూది గుచ్చుకునే ప్రమాదం అందరికన్నా ఎక్కువ ఉన్న వీళ్లే టీకాల జాబితాలో అందరికన్నా వెనకబడి ఉంటారు. ఆసుపత్రికి మార్కులు వేసేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న: మీ పారిశుద్ధ్య సిబ్బంది టీకా రిజిస్టరు చూపించండి.

టీకా పడని మనిషికి సూది గుచ్చుకుంటే ఏం చేయాలో కూడా ప్రతి వార్డులో రాసి పెట్టాలి. గుచ్చుకున్న చోట సబ్బు, నీళ్లతో కడగాలి, పిండకూడదు. ఆ సూది వాడిన రోగికి హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అని తేలితే హెపటైటిస్ బి ఇమ్యునోగ్లోబ్యులిన్ (అప్పటికే తయారైన యాంటీబాడీల ఇంజెక్షన్), ఒంటి బరువులో కిలోకు 0.06 మి.లీ. చొప్పున, వీలైతే 24 గంటల్లోపు ఇవ్వాలి. వారం దాటితే దాని ఉపయోగం నమ్మలేం. అదే పూట రెండో భుజానికి టీకా మొదటి డోసు వేసి, తర్వాత రెండు డోసులూ పూర్తి చేయాలి. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఖరీదైనది, అన్ని ఊళ్లలో దొరకదు. అది తెప్పించేలోగా టీకాను ఆపకూడదు, టీకా అదే రోజు పడిపోవాలి.